గల్లా దాటని మాట

ఊరు పెరుగుతోందంటే మేడలు లేవడం, రోడ్లు వెడల్పవడం అనుకుంటాం గానీ, అన్నిటికంటే ముందు పెరిగేది ఆకలి. ఎక్కడెక్కడి నుంచో పని వెతుక్కుంటూ వచ్చిన జనం మధ్యాహ్నమయ్యేసరికి ఎక్కడో ఓ చోట కూలబడి ఏదో ఒకటి తినాలి కదా! అందుకని సందుకో హోటలు, మలుపుకో బండి వెలిశాయి. ఏ చెయ్యి మంచిదో, ఏ గిన్నె శుభ్రమైనదో తెలియక జనం తికమకపడుతుంటే పేపరువాళ్ళు పుణ్యం కట్టుకున్నారు. "మన ఊళ్ళో బయట తినాలంటే ఎక్కడ తినాలి?" అని పెద్దక్షరాలతో వేసి, తమ మనిషి చెప్పాపెట్టకుండా వచ్చి తిని వెళతాడనీ, ఆదివారం నాడు మంచి చోట్ల పేర్లు అచ్చేస్తామనీ ప్రకటించారు.

పుణ్యం మాట దేవుడెరుగు, ఆ రోజు నుంచి హోటళ్ళవాళ్ళకి కునుకు కరువైంది. కొత్త మొహం కనబడితే చాలు, వీడే వాడేమోనని గుండె గుబేలుమనేది. కళ్ళజోడున్న ప్రతివాడూ పేపరు మనిషే. రోడ్డు కొలవడానికి వచ్చిన ఉద్యోగి ఒకడు ఏ హోటల్లో కాలుపెట్టినా అడక్కుండానే మారు వడ్డించేస్తుంటే, ఈ ఊరివాళ్ళంత మంచివాళ్ళు లేరని పెళ్ళానికి ఫోను చేసి చెప్పుకున్నాడట. డిపో ఎదుట హోటలాయన జేబులో పెన్నున్న మనిషిని ఫ్యాను కింద కూచోబెట్టి, దగ్గరుండి కొసరి కొసరి తినిపించాడు. ఆ మనిషి తృప్తిగా తేన్చి, చెయ్యి కడుక్కుని, నిచ్చెన వేసుకుని కరెంటు తీగ కత్తిరించిపోయాడు. ఆయన వచ్చిందే దానికి.

గల్లా అక్క మాత్రం పేపరు మనిషి గురించి బెంగ పెట్టుకోలేదు. ఆమె అనుమానం వేరే మనిషి మీద.

బస్సు డిపో వెనక సందులో ఉంది ఆ హోటలు. ఇద్దరు తోడికోడళ్ళు నడుపుతారు. పెద్దామె గల్లాపెట్టె దగ్గర కూచుంటుంది కాబట్టి ఊరందరికీ గల్లా అక్క. చిన్నామె పొయ్యి దగ్గర. ఇద్దరి మధ్యా ఓ గోడ, గోడలో తలకాయ పట్టేంత కిటికీ. గల్లా అక్క ఇటునుంచి "రెండు కూరలూ, ఒక వేపుడూ!" అని కేకేస్తే, అటునుంచి రెండు చేతులొచ్చి గిన్నెలు కిటికీ పలక మీద పెట్టి వెళ్ళిపోతాయి. అక్కడ ఏళ్ళ తరబడి తింటున్నవాళ్ళకి కూడా చిన్నామె మోచేతుల వరకే తెలుసు.

ఈ హోటలు పెట్టిన అత్తగారు పోతూ పోతూ పెద్దకోడలికి గల్లాపెట్టె తాళంతో పాటు ఒక సూత్రం కూడా అప్పగించి పోయింది. "పొగడ్త గల్లా దాటి లోపలికి పోకూడదే. పొగిడిన వంటమనిషి పొయ్యి దగ్గర నిలవడు" అని. ఆవిడ కాలంలో ఒక వంటవాడిని ఎవరో "నీ చెయ్యి చెయ్యి కాదయ్యా, అమృతం" అన్నారట. వాడు గరిటె పడేసి పోయి పక్క సందులో సొంత హోటలు పెట్టాడు. అప్పటి నుంచి అదే కట్టుబాటు. డబ్బులిస్తూ ఎవరైనా "కూర బాగుందక్కా" అంటే గల్లా అక్క "మంచిది" అని చిల్లరిచ్చి పంపేస్తుంది. ఆ మాట అక్కడితో సరి. "కాస్త కారమైంది" అన్నారనుకోండి, అది మాత్రం క్షణాల మీద లోపలికి చేరుతుంది. "ఏమే, కారం మండిపోతోందట! కళ్ళెక్కడ పెట్టుకుని వండుతున్నావు?"

పాపం, అది అన్యాయమని ఆమెకి ఏనాడూ తోచలేదు. పెద్దలు పెట్టిన మాట కదా!

భోజనాల రద్దీ తగ్గి, బల్లలు తుడిచి, ఈగలు కూడా ఆవలించే వేళకి వచ్చేవాడు ఆ మనిషి. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ముదురు నీలం గుడ్డసంచీ. వచ్చి కిటికీ పక్కనున్న మూలబల్ల దగ్గరే కూచునేవాడు. మిగతా బల్లలన్నీ ఖాళీగా ఉన్నా అక్కడే. మెల్లగా తినేవాడు. తిన్నాక గిన్నె తనే పట్టుకెళ్ళి కిటికీ పలక మీద పెట్టేవాడు. గిన్నెతో పాటు సంచీ కూడా లోపలికి వెళ్ళేది. కాసేపటికి సంచీ బయటికొచ్చేది. ఆ తరవాత గల్లా దగ్గరకొచ్చి డబ్బులిచ్చి, "బాగుందమ్మా" అని రోజూ ఒకే రకంగా అనేసి వెళ్ళిపోయేవాడు.

సంచీలో ఏముంది? పోయేటప్పుడు బరువా, వచ్చేటప్పుడు బరువా? గల్లా అక్క కళ్ళతోనే తూచింది. తేలలేదు.

"అక్కా, మీ సంచీ మనిషి ఎవరో తెలిసిందా?" అని ఎదుటి టీకొట్టాయన గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించాడు. ఊళ్ళో ఏ కబురైనా ఆయన దగ్గర ఓసారి మరిగాకే బయటికొస్తుంది.

"నాకేం తెలుసు?"

"కొత్త రోడ్డు మీద అద్దాల హోటలు లేదూ, దాని వెనక తలుపులోంచి బయటికొస్తుంటే మా బామ్మర్ది చూశాడు. తిన్నగా ఇక్కడికే నడిచొచ్చాడట. అంత పెద్ద హోటల్లో ఉన్నవాడికి మన సందులో ఏం పనక్కా? అక్కడ తిండి లేకనా?"

ఉప్పందించాల్సినంత అందించి టీకొట్టాయన చక్కా వెళ్ళిపోయాడు. గల్లా అక్క చేతిలో టీ చల్లారిపోయింది.

అద్దాల హోటలువాళ్ళు మంచి చేతులకోసం ఊరంతా గాలిస్తున్నారని అప్పటికే వినికిడి. చిన్నది గనక వెళ్ళిపోతే ఇక్కడ పొయ్యి ఆరినట్టే. గల్లా అక్కకి లెక్క వచ్చు, జనాన్ని అదిలించడం వచ్చు, వంట మాత్రం రాదు. పెళ్ళైన కొత్తలో ఆమె వండిన కూర తిని మొగుడు రెండు రోజులు మౌనవ్రతం పట్టాడు. ఆ సంగతి ఆమెకీ గుర్తే, ఆయనకీ గుర్తే.

మర్నాడు సంచీ మనిషి చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు, బల్ల తుడిచే వంక మీద వెళ్ళి సంచీని అరచేత్తో తడిమింది. వెచ్చగా తగిలింది. లోపల డబ్బాలు, ఒకదాని మీద ఒకటి. వండిన వంట! వండే చోటికి వండినది మోసుకురావడమేమిటి? ఆలోచించేకొద్దీ ఒకటే తోచింది. వాళ్ళ వంటకాలు తెచ్చి చిన్నదానికి రుచి చూపిస్తున్నాడు. ఇవి నేర్చుకో, ఆ తరవాత వచ్చెయ్యి అని. పెళ్ళికి ముందే కాపురం పెట్టించినట్టు, పనిలో చేరకముందే పని నేర్పిస్తున్నారన్నమాట!

గుడ్డతో తుడిచిన బల్లనే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ అక్కడే నిలబడిపోయింది. అతను వచ్చి సంచీ లోపలికిచ్చి కిటికీ దగ్గరే వంగి నిలబడ్డాడు. లోపల మూత తీసిన చప్పుడు. తరవాత చిన్నదాని గొంతు, చాలా మెల్లగా వినబడింది.

"పెద్దది మరీ ముందుకు తోసుకొస్తోందన్నయ్యగారూ. అన్నిటికీ అదే మాట్లాడుతోంది. చిన్నదాన్ని నోరు విప్పనివ్వడం లేదు."

"మరేం చెయ్యాలమ్మా?"

"కాస్త అణచాలి. పెద్దది వెనక్కి తగ్గితే అందరూ వరసలో నిలబడతారు."

గల్లా అక్క చేతిలో గుడ్డ జారిపోయింది. పెద్దది! ఈ ఇంట్లో పెద్దదెవరు? నడినెత్తిన పిడుగు పడినట్టయింది. ఒక కంచంలో కాకపోయినా ఒక కప్పు కింద ఇన్నేళ్ళు బతికి, పరాయివాడి దగ్గర నన్నణిచే ఆలోచనలా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కాదూ?

సాయంత్రం మొగుడు సంతనుంచి తెచ్చిన కూరగాయలు ఏరుతుంటే పక్కన చేరి అంతా చెప్పింది. ఆయన పుచ్చువంకాయ ఒకటి పక్కన పడేసి, "అడగొచ్చుగా?" అన్నాడు.

"అడిగితే చెప్పేస్తుందా?"

"చెప్పేస్తే?"

"చెప్పేస్తే వెళ్ళిపోతున్నానని చెబుతుంది. అదే మీక్కావలసింది?"

"నాకేం కావాలే? నువ్వు చెప్పింది వింటే, అదేదో వంట గురించి మాట్లాడుకున్నట్టుంది."

"ఆఁ, మీకు అంతా వంటలాగే ఉంటుంది. మీ తమ్ముడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, మీరు సంతలు తిరుగుతారు. ఇంట్లో కొంప మునుగుతుంటే ఈత నేర్చుకోవాల్సింది నేనే."

ఆయన ఇంకో వంకాయ అందుకున్నాడు. మాట్లాడితే ఏమవుతుందో ఆయనకి బాగా అనుభవం. ఆ మర్నాడంతా గల్లా అక్క చిల్లర తప్పులిచ్చింది. ఇద్దరు నిజాయితీపరులు వెనక్కి తెచ్చిచ్చారు. మిగతావాళ్ళ సంగతి మనకి తెలియదు.

మధ్యాహ్నం సంచీ మనిషి వచ్చి మూలబల్ల దగ్గర కూచున్నాడు. "ఒక కూర!" అని కేకేసింది. చేతులొచ్చి గిన్నె పెట్టి వెళ్ళాయి. కూర పొగలు కక్కుతోంది. ఏ కళనున్నా చిన్నదాని చేతిలో వంట వంకర పోదు. అదే ఇప్పుడు గల్లా అక్క ప్రాణం మీదికి వచ్చింది. ఈ చేతికోసమేగా వీడు రోజూ ఇంత దూరం నడిచొస్తున్నాడు! ఈ చేతికే ఓ మచ్చ పడితే? ఇంత తెలివితక్కువ వంటా అని వాడి నోటితో వాడే అనుకుంటే?

గిన్నె పట్టుకుని కిటికీకి వీపు పెట్టి తిరిగింది. గల్లా బల్ల మీది ఉప్పుడబ్బాలోంచి గుప్పెడు తీసి కూరలో వేసి, చెంచాతో గిరగిర కలిపేసింది. తీసుకెళ్ళి అతని ముందు పెట్టి, పక్కనే నీళ్ళగ్లాసు కూడా పెట్టింది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు కదా, చూద్దామని గల్లా దగ్గర కూచుని రెప్ప వెయ్యకుండా చూసింది.

మొదటి ముద్ద తిన్నాడు. మొహంలో గీత కదల్లేదు. రెండో ముద్ద తిన్నాడు. రొట్టె విరిచి ముంచుకున్నాడు. ఎప్పటిలాగే మెల్లగా, కిటికీలోంచి వచ్చే ఆవిరి వైపు చూస్తూ, గిన్నె సగానికి పైగా ఖాళీ చేశాడు. గ్లాసు ముట్టుకోలేదు. ఎప్పటిలాగే గిన్నె, సంచీ లోపలికిచ్చాడు. లోపల్నుంచి చాలాసేపు ఏ మాటా రాలేదు. ఆఖరికి సంచీ ఒక్కటీ బయటికొచ్చింది. గల్లా దగ్గరకొచ్చి, "బాగుందమ్మా" అన్నాడు.

"బాగుందా?" అంది గల్లా అక్క, నోరు ఊరుకోక.

"చాలా బాగుంది."

అతను సందు దాటేదాకా ఆగి, డబ్బాలో వేలు పెట్టి నాక్కుని చూసుకుంది. ఉప్పే. నాలుక చురుక్కుమంది. గుప్పెడు ఉప్పు తిని గుక్కెడు నీళ్ళు తాగలేదంటే, ఎంత గట్టి పిండం! చేతికందిన వంటమనిషి ఎక్కడ జారిపోతుందోనని కక్కలేక మింగాడన్నమాట. అంటే వ్యవహారం చాలా దూరం పోయింది. ఖాయం చేసేసుకున్నారు. అనుమానం పెనుభూతమంటారు. అది ఆమె పక్కనే గల్లా బల్ల మీద కాలుమీద కాలేసుకుని కూచుంది.

ఆ సాయంత్రం తోడికోడళ్ళిద్దరూ ఎప్పటిలాగే వంటింట్లో ఎదురెదురుగా కూచుని తిన్నారు. వడ్డించడం అయ్యాక చిన్నది లేచి వెళ్ళి, పెద్దచెంబు నిండా నీళ్ళు తెచ్చి గల్లా అక్క ముందు పెట్టింది.

"ఇన్ని నీళ్ళెందుకే?"

"ఉండనీ అక్కా. దాహమేస్తుందేమో."

ఆ మాటలో ఏదో ఉంది. ఏముందో తెలియలేదు. గల్లా అక్క ఆ నీళ్ళు తాగకుండానే లేచిపోయింది.

*

ఆదివారం పేపరు వచ్చింది. టీకొట్టాయన అది పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, అద్దాల హోటలే మొదటిది! పేపరు మనిషి వాళ్ళ వంటవాడితో కూడా మాట్లాడి రాశాడు. మన సందు పేరెక్కడా లేదు." చెప్పడంలో విచారం కంటే హుషారే ఎక్కువగా ఉంది. చెడ్డకబురు మోసుకొచ్చే కాళ్ళకి బలమెక్కువ.

పేరు లేకపోవడం గల్లా అక్కకి పెద్ద దెబ్బేమీ కాలేదు. సందులోపలికి వచ్చి చూసేంత ఓపిక పేపరువాళ్ళకెక్కడిది? కానీ మొదటి హోటలు గురించి రాసింది కూడబలుక్కుని చదువుతుంటే ఒకచోట కళ్ళు ఆగిపోయాయి.

"ఇక్కడి వంటలో పెద్ద రుచి చిన్న రుచుల నోరు నొక్కదు. ఏదీ ముందుకు తోసుకురాదు. అన్నీ వరసలో నిలబడి, తమ వంతు వచ్చినప్పుడు మాట్లాడతాయి. ఈ వంట వండినవారి నాలుకకి దణ్ణం పెట్టాలి."

మళ్ళీ చదివింది. ముందుకు తోసుకురాదు. నోరు నొక్కదు. వరసలో నిలబడి. ఈ మాటలు తను విన్నది ఈ కిటికీలోంచే. గల్లాపెట్టెకి తాళం కూడా వెయ్యకుండా వంటింట్లోకి నడిచింది. ఇన్నేళ్ళలో రద్దీవేళ ఆమె గల్లా వదిలి రావడం అదే మొదటిసారి.

చిన్నది పీట మీద కూచుని ఉల్లిపాయలు తరుగుతోంది. గల్లా అక్క పేపరు ముఖమ్మీద పెట్టినట్టే పట్టి ఆ నాలుగు వాక్యాలూ గట్టిగా చదివింది. చదువుతుంటే చిన్నదాని కత్తి ఆగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది. ఉల్లిపాయల ఏడుపో, మామూలు ఏడుపో తెలియకుండా నవ్వుతోంది.

"నవ్వు! నవ్వవూ మరి! వాళ్ళ హోటలు గెలిస్తే నీకెందుకే అంత సంబరం? ఈ మాటలు నీవి. ఈ చెవులతో నేనే విన్నాను. నన్నణచాలన్నావు, పెద్దది నోరు విప్పనివ్వడం లేదన్నావు. వెళ్ళాలనుంటే వెళ్ళు. సంచీల చాటున, కిటికీల చాటున గూడుపుఠాణీలెందుకు? ఇంతకాలం నీకు నేనేం తక్కువ చేశాను?"

చిన్నది నోరు తెరుచుకుని చూసింది. "నిన్నణచాలన్నానా?"

"పెద్దదంటే నేను కాక ఇంకెవరే ఈ ఇంట్లో?"

"పెద్దదంటే ఉప్పక్కా!"

గల్లా అక్క చేతిలో పేపరు నలిగింది.

"మా అమ్మ అలాగే అనేది. ఉప్పు పెద్దది, పులుపు నడిపిది, కారం చిన్నది. ముగ్గురక్కచెల్లెళ్ళూ సర్దుకుంటేనే కూర అనేది. నాకూ అదే నోటికొచ్చింది." చిన్నది లేచి, తలుపు ఓరగా వేసి, గొంతు తగ్గించింది. "ఆయనే అక్కా ఆ హోటలు వంటాయన. ఆమధ్య జ్వరమొచ్చి తగ్గాక నాలుక పోయింది. రుచీ తెలియదు, వాసనా తెలియదు. ఆ సంగతి బయటికి తెలిస్తే పనిలో ఎవరుంచుకుంటారు? ఊరికే మన దగ్గర భోజనానికొచ్చాడు ఒకరోజు. ఆ రోజు నా ఖర్మకొద్దీ అడుగంటిన కూర ఆయన గిన్నెలో పడింది. నేను గుండెలు పట్టుకుని కూచున్నాను. గిన్నె చూస్తే నున్నగా తుడిచి ఉంది. కిటికీ దగ్గరకొచ్చినప్పుడు, మాడు వాసన రాలేదా అన్నయ్యగారూ అని అడిగాను. వాసనంటే ఎలా ఉంటుందో మర్చిపోయానమ్మా అన్నారు. అంత పెద్దాయన, కిటికీ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు."

"మరి సంచీ?"

"వండింది తెస్తారు. నేను రుచి చూసి ఏది ఎక్కువో ఏది తక్కువో చెబుతాను. వెళ్ళి సరిచేసుకుంటారు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అందుకే నీకు చెప్పలేదు."

అంటే ఊళ్ళోకెల్లా మంచి హోటలని పేపరు దణ్ణం పెట్టిన నాలుక ఈ పీట మీద కూచుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే ఒక్కడు. వాడూ పరాయివాడు.

"అంత తీరికెక్కడిదే నీకు?" అంది గల్లా అక్క చివరికి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తీరిక కాదక్కా." చిన్నది కత్తి అంచు కొంగుతో తుడిచింది. "ఆయన అడుగుతారు. ఎలా ఉందమ్మా, నువ్వు చెబితేనే నాకు తెలుస్తుంది అంటారు. ఇక్కడ నేను వండింది ఎలా ఉందో నాకెవరు చెబుతారు? కారమెక్కువైతే నీ కేక వినిపిస్తుంది. కేక లేని రోజు బాగుందేమో అనుకుంటాను. అదైనా నమ్మకం లేక, తిరిగొచ్చిన గిన్నెల్లో అడుగున మిగిలింది వేలితో నాకి చూసుకుంటాను. ఎవరు ఎంత వదిలారు, ఎందుకు వదిలారు అని. రోజూ. ప్రతి గిన్నే."

ప్రతి గిన్నే అన్నప్పుడు చిన్నది కళ్ళెత్తి చూసింది.

"మొన్న ఆయన గిన్నె కూడా నాకాను," అంది చిన్నది. గొంతులో కోపం లేదు. అదే భరించడం కష్టమైంది. "పెద్దది మరీ ముందుకొచ్చేసిందక్కా ఆ రోజు. నా చెయ్యి అంత తప్పు చెయ్యదు. నాకూ ఆయనకీ మధ్య ఉన్నది నువ్వొక్కదానివే. నాలుక లేనివాడి కూరలో ఉప్పెందుకు వేసిందా అని పొయ్యి ముందు కూచుని ఎంతసేపు ఆలోచించానో! ఆయన అప్పటికే నన్ను వాళ్ళ హోటలుకి రమ్మన్నారు. రానన్నాను. ఆ గిన్నె నాకాక మాత్రం, వెళ్ళిపోదామా అనిపించింది."

బయట ఎవరో బల్లమీద గిన్నె తట్టి, "అక్కా! ఎవరూ లేరా ఇక్కడ?" అని అరిచారు. ఇద్దరూ కదల్లేదు.

"వెళతావా?" అంది గల్లా అక్క.

"ఇవాళ్టికి కూర పొయ్యి మీదుంది. రేపు పొయ్యి వెలిగిస్తాను. ఎల్లుండి మాట ఎల్లుండి."

గల్లా అక్క వచ్చి గల్లా దగ్గర కూచుంది. జనం తిన్నారు, డబ్బులిచ్చారు. ఒకరు "బాగుందక్కా" అన్నారు. "మంచిది" అనబోయి ఆమె నోరు అలాగే ఉండిపోయింది. రోజూ ఎంతమంది నోటివెంట విన్నది ఆ మాట! నాలుకున్నవాళ్ళు చెప్పిన మాటంతా తను ఈ పెట్టెలో వేసి మూతపెట్టింది. నాలుక పోయినవాడు మాత్రం కిటికీ దగ్గరకెళ్ళి, ఎలా ఉందో చెప్పమ్మా అని దాని నాలుకని అడిగాడు. అత్తగారి సూత్రం తప్పని ఎలా అనడం? పొగిడితే వంటమనిషి పోతుందంది ఆవిడ. పొగడకపోతే ఏమవుతుందో చెప్పకుండానే పోయింది.

*

సోమవారం టీకొట్టాయన గ్లాసుతో పాటు కబురు కోసం కూడా నిలబడ్డాడు. "ఏమక్కా, ఆ సంచీ మనిషి గుట్టు తేలిందా?"

ఒక్క మాట విదిలిస్తే చాలు. సాయంత్రానికల్లా ఊరంతా మరిగిపోతుంది. అద్దాల హోటలు అద్దాలు ఎలా ఉంటాయో గానీ, ఆ నెరిసిన జుట్టాయన బతుకు మాత్రం పగిలిపోతుంది.

"గుట్టేముంది? మా చెల్లికి అన్నయ్య వరస. చెల్లెలి చేతి కూడు తిందామని వస్తాడు. నీకేమైనా బాధా?"

"నాకెందుకక్కా బాధ!" అన్నాడు గానీ, చప్పబడిపోయి వెళ్ళాడు.

భోజనాల వేళ డిపోవాళ్ళంతా ఒక్కసారే వచ్చిపడ్డారు. కేకలు, గిన్నెలు, చిల్లర. కిటికీలోంచి చేతులొస్తున్నాయి, పోతున్నాయి. గల్లా అక్క ఆ చేతులు ఇవాళే కొత్తగా చూసినట్టు చూసింది. ఎడంచేతి బొటనవేలి మీద కాలిన మచ్చ ఉంది. అదెప్పుడు కాలిందో ఆమెకి తెలియదు.

బస్సులు బాగుచేసే మెకానిక్ ఒకడు, చేతులకి ఎంత కడిగినా పోని గ్రీజు మరకలతో, డబ్బులు గల్లా మీద పెట్టాడు. "కూర బాగుందక్కా ఇవాళ."

గల్లా అక్క చిల్లర తీసింది. ఇవ్వలేదు.

"నాకు చెబుతావేమయ్యా? నేను వండానా?" అంది గట్టిగానే. చుట్టుపక్కల బల్లలవాళ్ళు తలెత్తారు. "ఆ కిటికీ దగ్గరికెళ్ళి చెప్పు. చెప్పొస్తేనే చిల్లర."

అతను ఇదేదో వేళాకోళమనుకున్నాడు. ఆమె మొహం చూశాక కాదని తెలిసి, వెళ్ళి కిటికీలోకి తల వంచాడు. చిన్నపిల్లాడు బళ్ళో పాఠం అప్పగించినట్టు, "అమ్మా, కూర చాలా బాగుంది" అన్నాడు.

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. పొయ్యి మంట బుస ఒక్కటే వినబడుతోంది. గల్లా అక్క చిల్లర గుప్పిట్లో బిగించి అటు చూడకుండా కూచుంది. వెళ్ళిపోతుందా? ఇప్పుడే కొంగు దులుపుకుని బయటికొచ్చేస్తుందా? అత్తగారి వంటవాడు అలాగేగా వెళ్ళింది!

"ఉప్పు సరిపోయిందా అన్నయ్యా?" అంది చిన్నదాని గొంతు. మెల్లగా కాదు. గల్లా దాకా వినబడేటట్టే అంది.

"సరిగ్గా సరిపోయిందమ్మా."

"పెద్దది ముందుకు తోసుకురాలేదుగా?"

మెకానిక్ తల వెనక్కి తీసుకుని తెల్లబోయి చూశాడు. "పెద్దదెవరక్కా?"

"నేనే," అంది గల్లా అక్క. అతని చిల్లర అతని చేతిలో పెట్టి, బల్ల కిందున్న చెంబెత్తి గడగడ నీళ్ళు తాగింది. మూతి తుడుచుకుని, వెనక నిలబడ్డవాళ్ళ వైపు చూసి, "మీరూ అంతే, ముందు కిటికీ దగ్గరికి" అని కేకేసింది.